ఇంటి పాట

నంద్యాల చర్చి యువజన సభలో నేను లాప్‌టాప్‌లో కట్టిన పాట మోగుతుంటే మధ్యలో స్పీకరు వైరు పీకేసింది ఎవరో కాదు, మా నాయన గురవయ్యే.

"ఏందిరా ఈ దెబ్బలు? దీని పేరేందీ?"

"డీప్ హౌస్ అని ఒక రకం డ్యాన్స్ మ్యూజిక్, నాయనా."

"హౌసంటే ఇల్లే గదా! ఇంట్లో వాయించుకో పో. ఈడ నా పరువు తీయొద్దు."

సభంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండింది.

"డిస్కో లేకుంటే ఈ హౌసే లేదు. దీని కింద నడుస్తాండే బేస్ గిటారు నీ పెట్టెలోని పాత ఆర్కెస్ట్రా క్యాసెట్టులోంచి తీసి కలిపింది. వాయించింది నువ్వే!"

నవ్వులు ఆగిపోయాయి. నాయన వేళ్లు తొడ మీద అదే వరస మీటుతున్నాయి.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఆళ్లగడ్డలో మా ఇంటి ముందుకు అందరూ రండి. ఇంటి పాట ఇంట్లోనే మోగుతుంది. వైరు పీకిన చెయ్యే గిటారు పడుతుంది.