పెద్ద రాణి బతికిన సినిమా

"చెల్లె, బీడీకి జర నిప్పు దొరుకుతదా?"

ఆండాళు రాట్నం ఆపి తలెత్తింది. గడప అవతల ఎవరో పరాయి మనిషి. యాభై దాటి ఉంటాయి.

"ఏ ఊరన్నా మీది?"

"ఊరేడిది చెల్లె. టెంటు ఏడ దిగితే గదే ఊరు. మారయ్య అంటరు."

హుజూర్‌నగర్‌లో సినిమా టెంటు దిగి అప్పటికి నాలుగు రోజులు. నెల రోజులు మాత్రమే ఆడించుకొమ్మని సర్కారు ఇజాజత్ ఇచ్చిందట. పొద్దుగూకితే చాలు, సాలోళ్ల వాడకట్టంతా మగ్గాలు దిగి అటే నడుస్తోంది.

ఆండాళు ఒక్కతే పోలేదు. భర్త పోయి ఆరేళ్లు. మొగుడు లేని మనిషి ఆటలు చూడబోతే వాడకట్టు నోరు ఊరుకోదు. పిల్లలు లేరు. పగలంతా మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. ఆ ఇంట్లో రాట్నం చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

నిప్పు కణిక ఇచ్చింది గానీ, ఉండబట్టలేకపోయింది.

"అన్నా, నిన్నటి సినిమా ఎట్లుండె?"

టెంటు మనిషి కదా, రోజూ చూస్తాడనుకుంది.

మారయ్య కాసేపు బీడీ వైపే చూశాడు. తర్వాత అరుగు మీద కూర్చున్నాడు.

"చెప్త. విను."

అది మొదలు, రోజూ పొద్దున్నే వచ్చేవాడు. ఆండాళు గిన్నెలో జొన్న అంబలి పోసేది. తాగి, మూతి తుడుచుకొని, సినిమా చెప్పేవాడు. మధ్యమధ్యలో తన మాట ఒకటి కలిపేవాడు.

"గా రాజుకు బుద్ధి లేదు చెల్లె. పెండ్లాం అలిగితే పాట పాడుతడా ఎవడన్న? అన్నం తిన్నవా అని అడుగొద్దా?"

ఆండాళు నవ్వేది. ఆరేళ్లలో ఆ ఇంట్లో నవ్వు వినబడడం అదే మొదటిసారి.

ఒకరోజు ఇద్దరు రాణుల సినిమా చెప్పాడు.

"పెద్ద రాణికి పిల్లల్లేరు. చిన్న రాణి వచ్చినంక ఈమెను పిలిచేటోళ్లే లేరు. ఏండ్లు గడిశినయ్. ఒకనాడు చిన్న రాణి బిడ్డ ఆడుకుంట ఆడుకుంట తప్పిపోయి ఈమె గదిలకు వస్తది. నీ పేరేంది అని అడుగుతది."

"ఏం చెప్పింది?"

"ఆమె పేరు ఆమెకే యాదికి రాలె చెల్లె. ఎవ్వరు పిలువక."

ఆండాళు చేతిలో దారం తెగింది.

"అప్పుడు?"

"ఆ పిల్లనే ఒక పేరు పెట్టింది."

ఆ రోజు ఆమె మళ్లీ రాట్నం తిప్పలేదు.

మరునాడు వీధి పొడవునా పడుగు నూలు చాపి గంజి పెడుతున్నారు. గంజి ఆరకముందే కుంచెలు తిప్పాలి గనుక ఇంటికొకరు రావాల్సిందే. చేతులు పడుగు మీద, నోళ్లు సినిమా మీద.

"చిన్న రాణి పాటకు నాకు మంచిగ నిద్ర పట్టింది," అన్నాడు వెంకటనర్సు.

"నువ్వు మగ్గం గుంతలనే గురక పెడ్తవ్. పాట దాంక ఎందుకు?" అంది ఎదురింటి సుగుణమ్మ.

అందరూ నవ్వారు. ఆండాళుకూ ఏదో ఒకటి అనాలనిపించింది. ఎన్నాళ్లకో.

"నాకైతే పెద్ద రాణే నచ్చింది. ఆ పిల్ల పేరు పెడితే పాణం ఎట్లనో అయింది."

కుంచెలు ఆగాయి.

"ఏ పిల్లనే? పెద్ద రాణి మొదట్లనే సచ్చిపాయె గద."

"ఎవరు చెప్పిన్రే నీకు? ఆ అంబలి మారయ్యనా?"

నవ్వు పడుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా పాకింది. ఆండాళు తల ఎత్తలేదు.

మరునాడు మారయ్య వచ్చేసరికి ఆమె తలుపు సగమే తీసింది.

"సినిమాల పెద్ద రాణి మొదట్లనే సచ్చిపోయిందట గద అన్నా."

మారయ్య ముఖం వాడిపోయింది.

"సచ్చిపోయిందా? ఎట్ల సచ్చిపోయింది చెల్లె?"

ఎగతాళి అనుకుంది ఆమె.

"అంబలి అడిగితే ఊకెనే పోద్దును. అబద్ధాలెందుకు? నలుగుర్ల నాకు మొఖం లేకుంట చేసినవ్. రేపటి సంది రాకు."

 కండువా దులుపుకొని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. గడువు తీరాక టెంటూ లేచిపోయింది.

రాట్నం చప్పుడు మునుపటి లాగే ఉంది. కానీ ఇప్పుడు ఆండాళుకు అది వినబడుతోంది.

రెండు నెలల తర్వాత మళ్లీ పడుగు చాపారు. చూసిన సినిమాలన్నీ నోళ్లలో నాని చప్పబడ్డాయి.

"ఆండాళూ, ఆనాడు పెద్ద రాణి అంటివి. అదేందో జర చెప్పరాదే," అంది సుగుణమ్మ.

ఆండాళు మొదట వద్దంది. తర్వాత, అతను చెప్పినట్టే చెప్పింది.

చెప్పడం అయ్యేసరికి గంజి ఆరి పడుగు కట్టెలా బిగిసింది. ఎవరూ చూసుకోలేదు. సుగుణమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"గిసొంటి సినిమా ఏడ ఆడిందే? మనం చూడకపోతిమి."

"ఏమో. మారయ్య చూసి చెప్పిండు."

టెంటు సామానును కోదాడ దాకా బండి మీద తోలిన గుర్వయ్య ఆ మాట విని ఇటు తిరిగాడు.

"మారయ్య ఏడ సూసిండు? టెంటుకు దూరంగ కరెంటు ఇంజన్ కాడ గూసునుడే ఆయన పని, లేస్తే బొమ్మ ఆగుతది. తొమ్మిదేండ్ల సంది ఒక్క సినిమ సుత సూడలేదట, ఎట్లుంటదో చెప్పుమని తొవ్వ పొడుగూత నన్నే అడుగుకుంట వచ్చిండు."