ఖాళీ చెవులు

...అసలు తనకంటూ తెలిసింది ఏమైనా ఉందా, లేక ఇన్నేళ్లూ చెవిలోని యంత్రం చెప్పిందే పలుకుతూ వచ్చిందా? సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడిన సుభాషిణిని ఆ ఆలోచన వదలడం లేదు.

బడిపిల్లల దగ్గర్నుంచి అందరి చెవుల్లోనూ ఉండి, ఏది కావాలన్నా చెప్పే ఆ యంత్రాన్ని సుభాషిణితో పనిచేసే మిరప తెగుళ్ల పరిశోధకులు గురువారం మాత్రం, సొంతంగా ఆలోచించడం కోసం తీసి, గుమ్మం దగ్గరి స్టీలు డబ్బాలో వేస్తారు. పోయిన వారం నేర్చుకున్నవాళ్లు ఈ వారం తోటివాళ్లకు నేర్పాలి. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ఈ పరిశోధకుల లెక్కను మళ్లీ చేసి సరిచూసేలా వివరాలన్నీ బయట పెట్టడం ఎలాగో ఇవాళ ఆమె చూపించాలి. సగంలోనే దారి తప్పింది. ఈ గురువారాలకు రావడం ఇప్పటికే ఇద్దరు మానేశారు. తను చేతులెత్తేస్తే మిగిలినవాళ్లూ రారని ఆమె భయం.

“ఏంటి మేడమ్, కూరలో ఉప్పేశానా లేదా అన్నట్టు చూస్తన్నారు?” అన్నాడు ఎదురుగా కూర్చున్న తోటి పరిశోధకుడు మస్తాన్.

“ఉండవయ్యా, ఆలోచించుకోనీ ఆవిణ్ణి,” అంది అతని పక్కనున్న ఫిలోమినా.

యంత్రాన్ని తట్టి అడిగే అలవాటుకొద్దీ సుభాషిణి వేలు తెలియకుండానే చెవి మీదికి పోయింది. సిగ్గేసి చప్పున దించుకుని వాళ్ల వైపు చూసింది. ఫిలోమినా వేలు చెవి దగ్గరే ఉంది. వేళాకోళమాడిన మస్తాన్ వేలూ అక్కడే ఉంది. ఇంతసేపూ వాళ్లు తనను తూకం వేస్తున్నారనుకుంది. వాళ్లూ తనలాగే, ఎవరో చెబుతారని ఖాళీ చెవులతో ఎదురుచూస్తున్నారు.

“ఇక్కడ ఆగిపోయాను మస్తాన్. తర్వాతేంటో నాకు తెలీట్లేదు. రండి, కలిసి చూద్దాం,” అంటూ సుద్దముక్కను అతని వైపు చాపింది.