చెరగని నుయ్యి

నీలి చుక్క మళ్ళీ వచ్చింది.

పాత పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆఫీసు అది, గోపాలపట్నంలో. ఫ్యాక్టరీ కోసం ఎప్పుడో ఖాళీ చేయించిన ఊరిని కొత్త పటంలోంచి తీసేయడం నాగశ్రీ పని. ఇళ్ళు, దారులు, చెరువు చెరిపితే చెరిగిపోయాయి. నూతికి గుర్తుగా ఉన్న ఆ చుక్క మాత్రం సాయంత్రం చెరిపితే పొద్దున్నకి అక్కడే ఉంటోంది.

వైరసేమోనని ఫ్లాపీలన్నీ మార్చి చూసింది. ఇవాళ అందరికన్నా ముందే వచ్చేసరికి, తన కంప్యూటర్ ముందు భ్రమరాంబ కూర్చుని ఉంది. ఆఫీసులో అందరికీ పెద్దక్క లాంటి మనిషి. మౌస్ ఆమె చేతిలోనే ఉంది.

"ఏటక్కా ఇది? ఆ నుయ్యి ఎప్పుడో పూడ్సీసినారు గదా."

"తెల్సమ్మా. మాది ఆ ఊరే." భ్రమరాంబ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఖాళీ సేసిన రోజు మా సెల్లి ఆకరి బిందెకని నూతికాడికెల్లింది. మేం లారీ ఎక్కి సూత్తన్నాం. ఎంతకీ రాలేదు. ఎతుక్కుంటా ఎల్లేసరికి బుల్డోజరు నుయ్యి పూడ్సీసింది."

నాగశ్రీ పక్కన కూర్చుని, మౌస్ అందుకుని, ఆ నీలి చుక్కను చెరిపేసింది. భ్రమరాంబ కళ్ళు మూసుకుంది.

సరిగ్గా ఆ చోటే నాగశ్రీ సమాధి గుర్తు పెట్టింది.