నరాలు తేలిన చెయ్యి

నగల కొట్లో ఉంగరాలు నా వేళ్ళకు తొడిగి చూపించడం నా పని. “నీ ముసలి చేతులు చూసి బేరాలు పోతున్నాయి” అని యజమాని మొహమ్మీదే అన్నాడు. రోషమొచ్చి, చేతులు నున్నబడేలా ఫిల్లర్ ఇంజెక్షన్లు చేయించుకున్నాను. తేలిన నరాలు మాయమయ్యాయి.

మతిమరుపు ముదిరిన అమ్మకు రోజూ నేనే తినిపిస్తాను. తింటూ నా చేతి నరాలు నిమిరి “అమ్మా” అనేది. అందరినీ మరిచినా కూతుర్ని మరవలేదని మురిసిపోయేదాన్ని.

ఇవాళ ముద్ద అందిస్తే, చెయ్యి తడిమి తోసేసింది.

“ఎవరు నువ్వు? మా అమ్మ ఏది?”

“నేనమ్మా, నీ కూతుర్ని.”

“కూతురా? నాకింకా పెళ్ళే కాలేదే!” నవ్వింది. “మా అమ్మ చెయ్యి నాకు తెలీదా? ఇలా నున్నగా ఉండదు, నరాలుంటాయి.”

ముద్ద పళ్ళెంలో పెట్టేసి, చేతులు వెనక్కి దాచుకున్నాను.

అమ్మ మొహం చిన్నబోయింది. “ఆకలేస్తోంది. మా అమ్మ కనిపిస్తే కాస్త రమ్మని చెప్పవూ?”