కోర్టులో పరిగె

"ఏయ్! మా ధాన్యం కొంగులో పోసుకుంటున్నావేంటి?"

సాహితి కేకకి, బాస్కెట్‌బాల్ కోర్టు మధ్యలో గొంతుక్కూర్చున్న ముసలామె తలెత్తింది. చేతిలో చీపురుపుల్ల. కొంగులో గుప్పెడు వడ్లు.

మాన్విలో ఆ కాలేజీకున్న ఒకే ఒక్క సిమెంటు నేల ఆ కోర్టు. పొద్దునా సాయంత్రం అమ్మాయిల ఆట. మధ్యలో ఎండంతా, ఆంధ్ర నుంచి వలసొచ్చి స్థిరపడ్డ క్యాంపు రైతు నాగేంద్రబాబు వడ్లది. ఆయన కాలేజీ కమిటీ మెంబరు, టీము కెప్టెన్ సాహితికి తండ్రి. ఇంక కాదనేదెవరు?

"పగుళ్ళల ఇరుక్కున్నయి బిడ్డా. చీపురుకు రావు. మీరు ఉరుకుతుంటే పైకొస్తయి. కాలు జారుతది."

"మాకు లేని బాధ నీకెందుకు? పరిగె ఏరుకోవాలంటే పొలానికెళ్ళు. కోతయ్యాక అక్కడ రాలింది ఎవరేరుకున్నా అడగం. ఆరబోసిన చోట రాలింది మాత్రం రైతుదే."

క్యాంపులో పుట్టి పెరిగిన పిల్లకి ఆ కట్టుబాటు ఒకరు నేర్పక్కర్లేదు. ఆరబోసిన చోట పరిగె ఏరితే అది దొంగతనమే.

ముసలామె కొంగులోని వడ్లు గోడవారగా పోసి వెళ్ళిపోయింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది.

"కోడిపెట్ట వచ్చిందే!" అని పకపకా నవ్వింది సహన. టీములో అందరికన్నా చిన్నది, పరుగులో అందరికన్నా ముందుండేది. ఆ పేరే ఖాయమైంది. అసలు పేరు ఎవరూ అడగలేదు.

ఆ ఏడు టీముకి పట్టిందల్లా బంగారమైంది. ఏడు మ్యాచ్‌లు ఆడితే ఏడూ గెలిచారు.

"ఈ ఏడు ఒక్కరికి మడమ కూడా బెణకలేదు. అదృష్టమంటే మనదే!" అన్నాడు కోచ్.

అదృష్టమట! రోజూ తెల్లారకముందే వచ్చి నేల పగుళ్ళు గీకే మనిషి ఒక్కరి కంటికీ ఆనలేదు.

ఫైనల్ వాళ్ళ కోర్టులోనే. గెలిస్తే కాలేజీకి అదే మొదటి యూనివర్సిటీ కప్పు. సాహితికి అది ఆఖరి ఏడు.

ముందురోజు సాయంత్రం ఆమె వాచ్‌మన్‌ని పిలిచింది.

"జంబన్నా, రేపు పెద్దవాళ్ళొస్తారు. ఆ ముసలిదాన్ని గేటు దాటనివ్వకు."

"పాపం, ఏం తీస్కపోదమ్మా. ఏరినయన్నీ ఆ గోడకాడనే ఉన్నయి."

"చెప్పింది చెయ్యి."

పొద్దున్నే గేటు బయట బతిమాలాట.

"ఇయ్యాల ఒక్కదినం రానియ్యి బిడ్డా. నిన్న శానా పోసిండ్రు. జర్రసేపు చాలు."

"కోర్టంతా ఊడ్పించాం. వెళ్ళిక," అంది సాహితి.

ఊడ్పించిన మాట నిజమే. రెండుసార్లు ఊడ్పించారు.

ఆఖరి నిమిషం. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. సహన బంతి అందుకుంది. ఇద్దరిని తప్పించుకుని ఎగిరింది. బంతి బుట్టలో పడింది. కాలేజీ అంతా ఈలలు, కేకలు.

కిందికి దిగిన సహన కాలు సర్రున జారింది. తల వెళ్ళి ఇనుప స్తంభానికి కొట్టుకుంది.

అందరికన్నా ముందు పరుగెత్తింది సాహితి. సహన బూటు కింద నలిగిన వడ్లు కనిపించాయి.

కప్పు ఎవరు అందుకున్నారో ఎవరూ చూడలేదు.

మూడోరోజు, రాయచూరు ఆసుపత్రిలో డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు.

సహన తల్లి వరండాలో కుప్పకూలిపోయింది. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, వీపు నిమురుతూ కూర్చుంది ముసలామె. ఎప్పుడొచ్చిందో ఏమో.

ఆ ముఖంలోకి చూడాలంటే సాహితికి భయమేసింది. అంతకు మించి సిగ్గేసింది. పక్కనున్న జంబన్నను మెల్లగా అడిగింది.

"ఆవిడ సహనావాళ్ళకి చుట్టమా?"

"కాదమ్మా. ఆమె మారెవ్వ. నువ్వు కాలేజీల చేరకముందు సంగతి. ఎవ్వరితోని అనొద్దని మీ నాయిన మా అందరి నోళ్ళు కట్టేసిండు."

"ఏ సంగతి?"

జంబన్న తలవంచుకుని చెప్పాడు.

మూడేళ్ళ కిందట ఇదే టీముకి ఆడుతూ, ఇదే కోర్టులో, నాగేంద్రబాబు ఆరబోసిన వడ్ల మీద జారిపడి మళ్ళీ లేవని అంబుజకి, మారెవ్వ కన్నతల్లి.