పదిహేడో నంబరు కోట

"కావలోనికి లంచమిస్త సార్," అంది చంద్రిక.

"తీసుకోడు," అన్నాడు జయానందం.

"అయితే గోడెక్కి లోపలికి దుంకుత."

"వాన పడ్తున్నది. జారినవు. మోకాలు పగిలింది."

చంద్రిక ముఖం మాడ్చుకుని పాచిక బల్ల మీద పడేసింది. ల్యాబులో రోజంతా రక్తపరీక్షలు చేసే పిల్ల, ఆదివారం ఒక్కపూట గోడ దూకుదామంటే అదీ కుదరలేదు.

కథ ఆటలో పద్ధతి అంతే. ఒకరు పరిస్థితి చెబుతారు. మిగిలినవాళ్లు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. ఎటూ తేలనిదాన్ని పాచిక తేలుస్తుంది. దారిలో ఎదురయ్యే ప్రతి మనిషి గొంతూ ఆట నడిపేవాడిదే. అందుకని ఆ మధ్యాహ్నం చంద్రిక దూతగా నిలబడ్డ కోట తలుపు దగ్గర కావలివాడు కూడా జయానందమే.

మెదక్‌లో ఈ ఆట వచ్చినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. వాళ్లందరికీ నేర్పింది ఈ రిటైరైన లెక్కల సారే. హైదరాబాదులో ఆటగాళ్ల సంఘం పోటీ పెట్టి, వచ్చిన కథల్లో ఒకదాని మంచిచెడ్డలు తేల్చమని ఆయనకు పంపింది. కాగితాల మీద రాసినవాళ్ల పేరు లేదు, పదిహేడు అనే నంబరు మాత్రం ఉంది. ఆడించి చూసి పదికి మార్కులు వెయ్యాలి. ఆరొస్తే రాసినవాళ్లు వచ్చి ఆయన్ని కలుస్తారు. రాకపోతే ఆ పేరు ఎప్పటికీ బయటపెట్టరు. ముప్ఫై ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి, అందులోంచి అర మార్కు కూడా ఊరికే రాలదు.

ఆ కాగితాలు తెచ్చిచ్చింది ఫొటో స్టూడియో జోయెల్. వీధి తలుపు పక్కన కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచీ అదే ధ్యాసలో ఉన్నాడు.

"ఇప్పటికి ఎంతొచ్చినయి సార్?"

"నాలుగు."

"నాలుగేనా? మస్తు రాసిన్రు కద సార్."

"కత్తులతోని పనిలేకుండ రాసిండు, అది మంచిగనే ఉన్నది. ఈ పిల్లగానికి ఎవరో సక్కగ నేర్పిన్రు," అన్నాడు జయానందం. "గని సూడు. నాలుగేండ్ల కింద కోట ఇడిచిపెట్టి ఏరు దాటిన దూత వాపస్ వచ్చిండు. కావలోడు తలుపు తియ్యనంటుండు. ఎందుకు తియ్యడు? రాయలే. కారణం ఆట నడిపేటోళ్లే చెప్పాలెనట. బద్ధకం కాకపోతే ఏంది?"

జోయెల్ ఒకసారి వీధి తలుపు వైపు చూశాడు. ఆట అస్సలు తెలియని మనిషి ఒకరు ఉండాలని పోటీ నియమం. ఆ చోటు జయానందం అక్క యేసమ్మది. ఇన్నాళ్లూ ఈ ఆటను పిచ్చి కింద జమకట్టిన మనిషి, చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది. ఒళ్లో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తోంది.

"తమ్మీ, కావలోనితోని నేను మాట్లాడొచ్చా?"

"మాట్లాడు. నువ్వు కోటల వంటమనిషివి."

"ఏం కావలోడా, తలుపెందుకు తియ్యవు?"

జయానందం కాగితం అటూ ఇటూ తిప్పాడు. సాయం చేసే ముక్క ఒక్కటీ లేదు.

"చెప్పకుండ పోయిండు," అన్నాడు గొంతు బొంగురు చేసి. "తెల్లారి లేసి సూస్తే లేడు. ఊరు ఊరంత నన్నే అడిగిన్రు. ఏమని చెప్పాలె? తలకాయ దించుకొని తిరిగిన."

చంద్రిక జోయెల్ వైపు చూసింది. యేసమ్మ మాత్రం కాయల మీంచి తలెత్తలేదు.

"చెప్తే పోనిస్తుంటివా?"

"ఎట్ల పోనిస్త?"

"చెప్తే పోనియ్యవు. చెప్పకుంటే రానియ్యవు. అడకత్తెరల పోకచెక్క చేసినవు కద వాన్ని. ఏం చేస్తే నీకు మంచిగుండునో అదన్న చెప్పు."

జయానందానికి కోపం వచ్చింది. అది అక్క మీదో, కావలివాడి మీదో ఆయనకే తెలియలేదు. లెక్క తప్పు అందామని నోరు తెరిచాడు. ఎక్కడ తప్పిందో దొరకలేదు.

"పాచిక వెయ్యాల్నా సార్? ఎంత పడాలె?" అన్నాడు జోయెల్.

"అక్కెర లేదు." ఆయన పాచికను పక్కకు జరిపాడు. "సరైన మాటకు పాచిక అడగొద్దని మీకు చెప్పిందే నేను. కావలోడు గడియ తీసిండు."

చంద్రిక చప్పట్లు కొట్టింది. జోయెల్ కుర్చీ అంచుకు జరిగాడు.

"అయితే పాసే కద సార్?"

"జర ఆగు." జయానందం చివరి పేజీ తిప్పి అందరికీ చూపించాడు. తెల్లగా ఉంది. "తలుపు తీసినంక ఏమైతదో లేదు. కావలోడు ఏమంటడు? దూత ఏమంటడు? లోపలికి రమ్మంటడా, మొఖం తిప్పుకుంటడా? ఇది సగం కథ. అక్క మాటతోని ఎనిమిది దాక వచ్చింది, దీనికి రెండు కట్."

"ఎనిమిదిల రెండు పోతే ఆరు," అంది యేసమ్మ, ఎవరూ అడగకుండానే.

జయానందం ఆరు వేసి సంతకం పెట్టాడు. పెన్ను మూత బిగించి జోయెల్ వైపు చూశాడు.

"రాసినోన్ని రమ్మను. ఆ ఖాళీ పేజీల ఏముండాల్నో నేనే అడుగుత."

"అది మిమ్మల్నే అడగాలెనని వచ్చిన్రు సార్," అంటూ జోయెల్ లేచి వీధి తలుపు తీశాడు.

గుమ్మం బయట, నాలుగేళ్ల తర్వాత, ఆయన కూతురు పెర్సిస్ నిలబడి ఉంది.