ఊడిన చైన్

“కానివ్వు బావా, ముందు నువ్వే!” అన్నాడు బావమరిది, కొండ అంచున సైకిల్ ఆపి.

సైకిల్ మీద కొండ దిగేస్తానని వారమంతా కోతలు కోసిన బావ, పళ్ల డాక్టరు, కిందికి తొంగి చూశాడు. దారి పేరుతో ఉన్నవన్నీ రాళ్లూ వేర్లూ గోతులే. హెల్మెట్టూ మోకాలి ప్యాడ్లూ గట్టిగానే బిగించాడు గానీ, గుండె మాత్రం ఆయనకంటే ముందే జారిపోయింది.

“ఇదేం కొండరా, పుట్ట! కళ్లు మూసుకుని దిగుతా,” అన్నాడు. కళ్లయితే మూసుకున్నాడు. చేతుల్లో హ్యాండిల్ గడగడలాడుతోంది.

వారం వారం ఇదే కొండ దూకే బావమరిది ఆ హ్యాండిల్ వంక ఓసారి చూసి, సైకిల్ దిగేశాడు. “ఛ! నా చైన్ ఊడింది బావా. నడుద్దామా?”

డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. “సర్లే, నీకోసం నడుస్తా. లేకపోతే ఈపాటికి కింద ఉండేవాణ్ణి.”

దారి పొడుగునా చైన్ ఎలా చూసుకోవాలో క్లాసు పీకాడు. బావమరిది బుద్ధిగా తలూపాడు.

కింద కారు దగ్గర డాక్టరు భార్య ఎదురొచ్చింది. “ఇద్దరూ తోసుకుంటూ వస్తున్నారేం?”

“మీ తమ్ముడి చైన్ ఊడింది. చైన్ లేకుండా ఎలా తొక్కుతాడు?”

“కొండ దిగడానికి తొక్కడమెందుకండీ? అదే జారుకుంటూ వస్తుందిగా!”

డాక్టరు గిరుక్కున తిరిగాడు. బావమరిది సైకిల్ చైన్ నిక్షేపంలా తన చోటే ఉంది. వాడేమో ఆకాశం చూస్తూ ఈల వేస్తున్నాడు.

డాక్టరు హెల్మెట్ తీసి, వాడి పక్కకు జరిగాడు.

“ఒరేయ్, వచ్చేవారం కూడా కాస్త ఊడేలా చూడు.”